ఉత్తర కోస్తా ఆంధ్రలో వరి నాట్లు, నత్రజని యాజమాన్యం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనూ, 2022 ఏప్రిల్‌లో ఈ రెండింటి నుంచి విడివడిన పార్వతీపురం మన్యం జిల్లాలోనూ ఖరీఫ్ అంటే ముందుగా వరి. ఆ వరిని ఎప్పుడు, ఎలా ఊడుస్తారు, దానికి నత్రజని ఎంత, ఏ అదనులో వేస్తారు అన్నవి ఈ వ్యాసంలోని విషయాలు. ఈ ప్రాంతంలో ఆ రెండూ విడదీసి చెప్పేవి కావు. గోదావరి డెల్టా రైతుకు కాలువకు నీరు వదిలే రోజు ముందే తెలుస్తుంది. దాన్నిబట్టి నాటు తేదీ, నాటు తేదీనిబట్టి ఎరువు తేదీ వరసగా కుదురుతాయి. ఇక్కడ చాలా చేలకు నీరు చెరువు నిండితే వస్తుంది, లేదా వాన పడితే వస్తుంది. జూలైలో ఊడవాల్సిన మడి సెప్టెంబరు దాకా ఆగిపోయే ఏళ్లున్నాయి. అలాంటి ఏడు జూలై నాటుకు రాసిన ఎరువుల పట్టిక యథాతథంగా పనికిరాదు. ఎన్ని కిలోలు వేశారన్నది ఎంత ముఖ్యమో, ఏ వయసు నారు మీద, ఎలాంటి నీటిలో వేశారన్నది ఇక్కడ అంతకన్నా ముఖ్యం.

నత్రజని యాజమాన్యం గురించి ప్రపంచంలో జరిగిన పరిశోధనలో పెద్ద వాటా చలికాలపు గోధుమది. తెలుగు నేలలో గోధుమ ఆదిలాబాద్, మెదక్ వైపు కొద్ది విస్తీర్ణంలోనే కనిపిస్తుంది. ఉత్తర కోస్తాలో చలి రోజులు తక్కువ, ఫిబ్రవరి వచ్చేసరికి ఎండ ముదురుతుంది, గింజ పాలుపోసుకునే వేళకే వేడి తగులుతుంది. అందువల్ల ఇక్కడ చలికాలపు ధాన్యం స్థానాన్ని మొక్కజొన్న తీసుకుంది. దాని సంగతి చివర చెప్పుకోవచ్చు.

నేల, నీరు

సాలుకు సుమారు 1,000 నుంచి 1,100 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో దాదాపు మూడింట రెండు వంతులు నైరుతి రుతుపవనాలవి. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండాలు, తుఫానులతో కలిసి వస్తుంది. లెక్కకు చాలినంత వానే, పంచుకోవడంలోనే చిక్కు. జూన్‌లో నాలుగు జల్లులు పడి, జూలై అంతా బెట్టగా ఉండి, ఆగస్టు చివర ఒక్క వారంలో చెరువులు అలుగు పారడం ఇక్కడి రైతుకు కొత్త కాదు.

వంశధార మీద హిరమండలం దగ్గరి గొట్టా బ్యారేజి, నాగావళి మీద నారాయణపురం ఆనకట్ట, తోటపల్లి బ్యారేజి, సువర్ణముఖి మీద మడ్డువలస జలాశయం, చంపావతి మీద డెంకాడ ఆనకట్ట కింద కాలువ ఆయకట్టు ఉంది. ఆ కాలువల చివరి భూములు, వందలాది చెరువుల కింది పల్లాలు, వాననే నమ్ముకున్న చేలు మరో లోకం. ఒకే గ్రామంలో కాలువ పక్క మడి పుష్యమి కార్తెలో ఊడిస్తే, చెరువు కింది మడి మఖ దాకా ఆగుతుంది.

నేలల్లో ఎర్ర ఇసుక లోమ్ ఎక్కువ, నదుల వెంట ఒండ్రు, అక్కడక్కడ నల్లరేగడి. తేలిక నేలల్లో సేంద్రియ పదార్థం తక్కువ, నీరు నిలవదు, నీటితోపాటు నత్రజని కూడా దిగిపోతుంది. పాత తరం రైతులు వేసవిలో చెరువు మట్టి తోలి, గెత్తం (పశువుల ఎరువు) వేసి ఈ లోటు పూడ్చేవారు. పశువులు తగ్గాయి, గెత్తం కుప్పలు చిన్నవయ్యాయి, ఆ ఖాళీని యూరియా బస్తా నింపింది.

ఎద

ఈ జిల్లాల్లో వరి వేసే పద్ధతులు ప్రధానంగా రెండు: ఎద, ఉభాలు. పొడి దుక్కిలో విత్తనం వెదజల్లడం ఎద. నారు పోసి, దమ్ము చేసి ఊడవడం ఉభాలు.

మృగశిర, ఆరుద్ర కార్తెల్లో తొలి వానలకు దుక్కి చేసి ఎద చల్లుతారు. మొలక వానతో వస్తుంది. నెల, నెలన్నర పాటు పైరు మెట్ట పంటలా పెరుగుతుంది. చెరువు నిండాక, లేదా వానలు బలపడ్డాక మడిలో నీరు నిలుపుతారు. అక్కడి నుంచి అది పల్లపు వరే. నారుమడి ఖర్చు లేదు, నాటు కూలీ లేదు, నీటి కోసం ఎదురుచూసి నారు ముదరబెట్టుకునే బెడద లేదు. కూలిరేట్లు పెరిగాక కాలువ కింది రైతులు కూడా దీని వైపు మళ్లారు. దీనికి చెల్లించే మూల్యం కలుపు. ఊద, తుంగ వరితోపాటే మొలిచి వరితో పోటీపడతాయి. విత్తిన వెంటనే తడి మీద పెండిమిథాలిన్, మొలిచాక రెండు మూడు వారాలకు బిస్‌పైరిబాక్ సోడియం వంటి మందులు వచ్చాకే ఎద మళ్లీ ఊపందుకుంది. పక్కనే ఒడిశాలో ఇదే చిక్కుకు పాత విరుగుడు ఒకటుంది. ఎద మొలిచిన నెలకు నిలిచిన నీటిలో నాగలితో అడ్డదుక్కి దున్ని, కలుపును అణచి, పలచబడిన చోట లేచిన మొక్కలను సర్దుతారు.

ఎదలో నత్రజని నడక వేరు. పొడి నేలలో గాలి ఆడుతుంది. అక్కడ వేసిన యూరియా త్వరగా అమ్మోనియంగా, ఆపైన నైట్రేటుగా మారుతుంది. చిన్న మొక్కకు అంత తీసుకునే వేరు ఉండదు. ఇంతలో పెద్ద వాన వచ్చి మడి మునిగిందంటే ఆ నైట్రేటులో కొంత కిందికి ఇంకిపోతుంది, కొంత గాలి లేని బురదలో సూక్ష్మజీవుల చేతిలో వాయువుగా మారి ఎగిరిపోతుంది. అందుకని ఎదలో విత్తేటప్పుడు భాస్వరం, పొటాష్ వేసి, నత్రజనిని మొలిచిన 15–20 రోజుల నుంచి దఫాలుగా వేయడం మేలు. దుక్కిలోనే బస్తా యూరియా చల్లేయడం ఈ పద్ధతిలో అన్నింటికన్నా దండగ ఖర్చు. ఆ ఎరువు వరికన్నా ముందు ఊదకు అందుతుంది.

మరో పొరపాటు కూడా ఎదలోనే ఎక్కువ. పొడి దశలో పైరు పచ్చదనం తప్పి పాలిపోతే చాలామంది వెంటనే యూరియా చల్లుతారు. ముందు ఏ ఆకు పాలిపోయిందో చూడాలి. నత్రజని చాలకపోతే మొక్క పాత ఆకుల్లోంచి దాన్ని లాగి కొత్త ఆకులకు పంపుతుంది, అందుకే పసుపు కింది ఆకుల్లో మొదలవుతుంది. ఇనుము అలా కదలదు. దాని లోపం పైన వచ్చే లేత ఆకుల్లో కనిపిస్తుంది, ఆకు దాదాపు తెల్లబడుతుంది. దానికి లీటరు నీటికి 20 గ్రాముల అన్నభేది, 2 గ్రాముల నిమ్మఉప్పు కలిపి పిచికారీ చేయాలి. యూరియాతో అది తగ్గదు. నాటిన మడిలో రెండు నాలుగు వారాలకు మధ్య ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చి పైరు గిడసబారితే అది జింకు లోపం. లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేటు పిచికారీ దానికి మందు.

ఉభాలు

నాటుకు ఎకరాకు 20–25 కిలోల విత్తనం, 5 సెంట్ల నారుమడి చాలు. నారుమడికీ తన నత్రజని కావాలి. 5 సెంట్లకు విత్తేముందు ఒక కిలో, 12–14 రోజులకు మరో కిలో నత్రజని సిఫార్సు. నారు బలంగా ఉంటే నాటాక కోలుకోవడానికి పట్టే రోజులు తగ్గుతాయి. చేనుకు బస్తాలు పోసి నారుమడిని మరచిపోయే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆకుతీతలో సగం వేర్లు తెగే బక్క నారుకు ప్రధాన పొలంలో ఎంత పెట్టినా ఆలస్యమే.

నాలుగు నుంచి ఆరు ఆకులున్న నారును రెండు మూడు సెంటీమీటర్ల లోతులో పైపైన నాటాలి. లోతుగా నాటితే పిలకలు తగ్గుతాయి. ఖరీఫ్‌లో చదరపు మీటరుకు 33 కుదుళ్లు, రబీలో 44 ఉండేలా చూడాలని వ్యవసాయ విశ్వవిద్యాలయ సిఫార్సు. ప్రతి రెండు మీటర్లకు తూర్పు పడమరలుగా 20 సెంటీమీటర్ల కాలిబాట వదలాలి. కాలిబాట తీస్తే పంట పోతుందని వాదించే రైతు ప్రతి ఊళ్లో ఉంటాడు. గాలీ వెలుతురూ ఆడిన చేలో సుడిదోమ తగ్గడం చూశాక మెత్తబడేవాళ్లూ ఉన్నారు.

నారు వయసుకు మోటు లెక్క ఒకటుంది. పంటకాలంలో నెలకో వారం. నాలుగు నెలల రకానికి నాలుగు వారాల నారు, ఐదు నెలల రకానికి ఐదు వారాలలోపు. ఇక్కడ ఆ లెక్క తప్పించేది చెరువు. నీళ్లు రాక నారు 45, 50 రోజులకు ముదిరితే అది నారుమడిలోనే పిలకల శక్తిని పోగొట్టుకుంటుంది. అప్పుడు మూడు సూత్రాలూ మారతాయి. కుదురుకు రెండు మూడు మొక్కలకు బదులు నాలుగైదు పెట్టాలి. చదరపు మీటరుకు కుదుళ్లు 44 నుంచి 66 వరకు పెంచాలి. నత్రజనిని మామూలు మోతాదుకన్నా నాలుగోవంతు పెంచి, దానిలో 70 శాతం దమ్ములోనే వేసి, మిగతా 30 శాతం అంకురం దశలో వేయాలి. కారణం తేలిక: ముదురు నారుకు దుబ్బు కట్టే గడువు ఇక పెద్దగా లేదు, మధ్య దఫా కోసం ఆగితే అది వచ్చేసరికి పిలకల కాలం దాటిపోతుంది. ఈ సిఫార్సు ఎన్నో ఏళ్లుగా పుస్తకాల్లో ఉంది, కానీ ఆచరణలో ఆలస్యమైన రైతులూ మామూలు నాటుకు చెప్పే మూడు సమభాగాల లెక్కనే పాటిస్తుంటారు. ఈ ప్రాంతంలో ప్రచారం కావలసిన సూత్రం ఒక్కటే ఎంచమంటే దీన్నే ఎంచాలి.

శ్రీ పద్ధతిని 2003 ఖరీఫ్‌లో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం విస్తరణ విభాగం డాక్టర్ అలపాటి సత్యనారాయణ చొరవతో రాష్ట్రమంతటా ప్రదర్శించింది. ఎకరాకు రెండు కిలోల విత్తనం, 8–12 రోజుల లేత నారు, 25 సెంటీమీటర్ల చదరపు ఎడం, నీరు నిలపకుండా ఆరుతడి, వీడరుతో కలుపు. నీటి మీద పట్టున్న బోరుబావి రైతుకు ఇది కుదిరింది. వాన వస్తే ముంచేసే, రాకపోతే ఎండగట్టే చెరువు ఆయకట్టులో కుదరలేదు. యంత్రంతో నాటడం కాలువ కింద పెరుగుతోంది. వరసల మధ్య 30 సెంటీమీటర్లు ఉండటం వల్ల అందులో పాముపొడ తెగులు కొంత తగ్గుతుంది.

నీళ్లలో యూరియా ఏమవుతుంది

యూరియాలో 46 శాతం నత్రజని. మడిలో పడ్డ రెండు మూడు రోజుల్లో అది అమ్మోనియంగా మారుతుంది. పగటిపూట నీటిలోని నాచు బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంది, నీరు క్షారగుణం పొందుతుంది, అమ్మోనియం అమ్మోనియా వాయువై ఎగిరిపోతుంది. నిలిచిన నీటిలో మధ్యాహ్నం ఎండలో చల్లిన యూరియాలో ఎక్కువ నష్టం ఈ దారినే. రెండో దారి బురదలో ఉంది. నీటికి ఆనుకున్న పై పొరలో ఆక్సిజన్ ఉంటుంది, అక్కడ అమ్మోనియం నైట్రేటుగా మారుతుంది. అది కింది పొరలోకి జారగానే నత్రజని వాయువుగా, కొంత నైట్రస్ ఆక్సైడుగా పోతుంది. పల్లపు వరి బురద ఇలా రెండు పొరలుగా ఉంటుందని జపాన్‌లో షియోయిరి అనే శాస్త్రవేత్త పరిశోధనలతో తేలింది. ఎరువును లోతుగా వేయాలన్న సలహాకు మూలం అదే. మొత్తం మీద వేసినదాంట్లో వరి మొక్కకు అందేది మామూలుగా 30 నుంచి 40 శాతం.

ఈ రసాయనం తెలిస్తే రైతు పాటించవలసిన పద్ధతి దానంతటదే అర్థమవుతుంది. నీరు తీసి, బురద పదునులో ఎరువు వేసి, 36 నుంచి 48 గంటల తరవాత పలచగా నీరు పెట్టాలి. నీరు తీస్తే మళ్లీ దొరకదన్న భయంతో చెరువు కింద చాలామంది నిండు మడిలోనే చల్లుతారు. ఆ భయం అర్థం చేసుకోదగినదే. అలాంటి మడులకు యూరియాను ముందుగా సిద్ధం చేసే పద్ధతి ఉంది. 50 కిలోల యూరియాకు 10 కిలోల వేపపిండి గానీ, 250 కిలోల తేమ మట్టి గానీ కలిపి, రెండు రోజులు కుప్పగా ఉంచి చల్లితే నష్టం కొంత తగ్గుతుంది. 2015 నుంచి దేశంలో అమ్మే యూరియా అంతా వేపపూత పూసినదే గనక వేపపిండి కలపడం తగ్గింది. వేపపూత నైట్రేటుగా మారే వేగాన్ని తగ్గిస్తుంది గానీ, అమ్మోనియాగా ఎగిరిపోవడాన్ని ఆపదు. బంగ్లాదేశ్‌లో యూరియాను గోళీలుగా చేసి నాలుగు కుదుళ్ల నడుమ చేత్తో లోతుగా పెట్టే పద్ధతి పెద్ద ఎత్తున సాగింది. ఇక్కడ అంత కూలీ గిట్టుబాటు కాదు.

ఎంత, ఎప్పుడు

టన్ను ధాన్యం పండటానికి వరి సుమారు 15–20 కిలోల నత్రజని తీసుకుంటుంది. అందులో సగానికి పైగా నేల, నీరు, నాచు, గెత్తం ఇస్తాయి. మడి నీటిలో పెరిగే నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తుందని 1939లో శాస్త్రవేత్త పి.కె. డే చూపించాడు. ఎరువు వేయని మడిలోనూ వరి ఏటా పండటానికి అదొక కారణం.

ఉత్తర కోస్తా మండలానికి ఖరీఫ్ వరిలో సాధారణ సిఫార్సు ఎకరాకు 32 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 20 కిలోల పొటాష్. బస్తాల్లోకి మార్చి చూద్దాం. ఒక బస్తా డి.ఎ.పి., అంటే 50 కిలోలు వేస్తే 23 కిలోల భాస్వరంతోపాటు 9 కిలోల నత్రజని వస్తుంది. మిగతా 23 కిలోల నత్రజనికి 50 కిలోల యూరియా చాలు. పొటాష్‌కు 33 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్. డి.ఎ.పి.లోని నత్రజనిని లెక్కలోకి తీసుకోకపోవడం దగ్గరే అతి మొదలవుతుంది. దుక్కిలో డి.ఎ.పి. బస్తా, ఆపైన యూరియా మూడు సార్లు ముప్పాతిక బస్తా చొప్పున వేసే రైతు తాను సిఫార్సు దాటానని అనుకోడు. ఇప్పటి 45 కిలోల యూరియా బస్తా లెక్కన అతను వేసింది దాదాపు 56 కిలోల నత్రజని.

బస్తా కూడా మారింది. 2018 నుంచి యూరియా బస్తా 50 కిలోలు కాక 45 కిలోలు. రైతు బస్తాల్లో లెక్కపెడతాడు, కిలోల్లో కాదు, కనుక బస్తా తగ్గిస్తే వాడకం తగ్గుతుందన్నది ప్రభుత్వ ఆలోచన.

మధ్యకాలిక, దీర్ఘకాలిక రకాలకు నత్రజనిని మూడు సమభాగాలుగా దమ్ములో, దుబ్బు చేసే దశలో, అంకురం ఏర్పడే దశలో వేస్తారు. మూడో దఫాకు రోజుల లెక్క నమ్మదగింది కాదు. కోతకు 60–65 రోజుల ముందు అంకురం పుడుతుంది. పిలక కాండాన్ని నిలువునా చీల్చి చూస్తే కణుపు పైన తెల్లగా నూగులా, ఒకటి రెండు మిల్లీమీటర్ల కంకి మొలక కనిపిస్తుంది. అప్పుడు వేసినది గింజల సంఖ్యకు వెళుతుంది. పొట్ట మీద ఉండగా వేస్తే ఆకు పచ్చబడుతుంది, మెడవిరుపు అగ్గితెగులుకు దారి పడుతుంది, గింజ పెద్దగా పెరగదు. తేలిక నేలల్లో పొటాష్‌ను కూడా దమ్ములో సగం, అంకురం దశలో సగం వేయడం మంచిది.

పైరు అడిగినప్పుడే పెట్టే పద్ధతి ఆకు రంగు పట్టికది. 1990ల చివర అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన ప్లాస్టిక్ పట్టీ ఇది. నాటిన రెండు వారాల నుంచి పది రోజులకొకసారి, ఉదయంపూట, ఎండ పడకుండా తన నీడలో, పది మొక్కల్లో పూర్తిగా విచ్చుకున్న పై ఆకును పట్టీతో సరిపోల్చాలి. సగానికి మించి ఆకులు హద్దు రంగుకన్నా పాలిపోయి ఉంటే ఒక దఫా నత్రజని వేయాలి. సాంబ మహసూరి వంటి సన్నరకాలకు హద్దు 3, హైబ్రిడ్లకు 4. నాటు తేదీలు ఊరంతా చిందరవందరగా ఉండే ఈ ప్రాంతానికి తేదీల పట్టికకన్నా ఈ పట్టీ ఎక్కువ సరిపోతుంది. అయినా అది రైతు జేబులో కనిపించడం అరుదే.

రకాలు

శ్రీకాకుళం పక్కనున్న రాగోలు వ్యవసాయ పరిశోధన స్థానం ఈ ప్రాంతపు వరి కేంద్రం. శ్రీకాకుళం సన్నాలు, వసుంధర, శ్రీకూర్మ అక్కడి రకాలే. అయినా ఇక్కడి పల్లాలను ఎక్కువకాలం ఏలింది మార్టేరు పరిశోధన స్థానం నుంచి 1982లో వచ్చిన ఎం.టి.యు. 7029, అంటే స్వర్ణ. తక్కువ నత్రజనితోనూ పండటం దాని గొప్పగుణం. ఎరువు కొనలేని రైతు దగ్గరా, ఎరువు ఆలస్యమైన మడిలోనూ నిలబడింది. ఐదు నెలల పంట కనుక చెరువు కింద చివరి తడి దొరక్క ఇబ్బంది పెడుతుంది. ఆలస్యంగా ఊడ్చే చోట 120 రోజుల కాటన్ దొర సన్నాలు, 135 రోజుల చుట్టూ కోతకొచ్చే విజేత వంటివి నప్పుతాయి.

వరద ముంపు ఉన్న నాగావళి, వంశధార పల్లాలకు 2009లో విడుదలైన స్వర్ణ సబ్-1 సరిపోతుంది. రెండు వారాల ముంపును అది తట్టుకుంటుంది. ముంపు తీసిన మర్నాడే యూరియా చల్లకూడదు. వారం ఆగి, కొత్త ఆకు తీశాక, ఎకరాకు 20 కిలోల యూరియాతో 10 కిలోల పొటాష్ కలిపి వేయాలి.

ఉల్లికోడు, దోమ, అక్టోబరు గాలి

అతి నత్రజని నష్టాన్ని ఈ ప్రాంతంలో మూడు విషయాలు రెట్టింపు చేస్తాయి.

మొదటిది ఉల్లికోడు. పిలక కంకి తీయకుండా ఉల్లికాడలా గొట్టమై పోతుంది. దేశంలో గుర్తించిన ఈ పురుగు బయోటైపుల్లో నాలుగోది శ్రీకాకుళం ప్రాంతానిదే. 1980ల చివర అది విజృంభించి, అప్పటిదాకా తట్టుకుంటున్న రకాలను దెబ్బతీసింది. ఉల్లికోడు ఆలస్యంగా నాటిన లేత పైరును వెతుక్కుంటుంది. ఆగస్టు చివర నాటి, వెనకబడిన పైరును అందుకోవాలని యూరియా గుప్పిస్తే పురుగుకు కావలసిన లేత పిలకలు అడిగినన్ని దొరుకుతాయి. ఒకే ఊళ్లో నాట్లు నెల వ్యవధిలో జరిగితే ముందు మడిలో పెరిగిన పురుగు వెనక మడికి వలస పోతుంది. అందువల్ల ఇది ఒక్క రైతు చేతిలో ఉన్న విషయం కాదు, చెరువు తూము తీసే రోజుది.

రెండోది దోమ, తెగుళ్లు. సుడిదోమ, బ్యాక్టీరియా ఎండాకు తెగులు, పాముపొడ, అగ్గితెగులు నాలుగూ దట్టంగా, మెత్తగా పెరిగిన చేను మీదే ముందు పడతాయి. ఎండాకు తెగులు కనిపించిన మడిలో నత్రజని ఆపేయాలి, నీరు తీయాలి. సాంబ మహసూరిలో ఇది మరీ జాగ్రత్తగా పాటించాలి.

మూడోది తుఫాను. 2013 అక్టోబరులో ఫైలిన్, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఈ తీరాన్ని తాకాయి లేదా పక్కనుంచి ఊపేశాయి. ఐదు నెలల వరి సరిగ్గా అప్పుడే ఈనిక మీద ఉంటుంది. నత్రజని ఎక్కువైన చేను కాండం పొడవుగా, గోడలు పలచగా ఉండి మొదట అదే పడిపోతుంది. నీటిలో పడ్డ కంకి తాలు పోతుంది, లేదా మొలకెత్తుతుంది. ఎవరూ గాలిని ఆపలేరు. సెప్టెంబరు మధ్యలో చేతిలో ఉన్న ఆఖరి అరబస్తా వేయాలా వద్దా అన్నది మాత్రం రైతు నిర్ణయమే.

బస్తా దొరికే దారి

విశాఖపట్నంలో 1967లో ఉత్పత్తి మొదలుపెట్టిన కోరమాండల్ కర్మాగారం వల్ల కాంప్లెక్స్ ఎరువులు ఈ జిల్లాలకు దగ్గరే తయారవుతాయి. యూరియా మాత్రం బయటి నుంచి గూడ్సు రైళ్లలో రావాలి. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు, డి.ఎ.పి. బస్తా 1,350 రూపాయలు. 2010 ఏప్రిల్‌లో పోషకాల ఆధారిత సబ్సిడీ వచ్చినప్పుడు భాస్వరం, పొటాష్ ధరలను వదిలి యూరియా ధరను ప్రభుత్వం చేతిలోనే ఉంచుకుంది. పొటాష్ ఖరీదైంది, యూరియా చవకగా మిగిలింది. రైతు చవకైన దాన్ని ఎక్కువ, ఖరీదైన దాన్ని తక్కువ వేస్తే అతన్ని తప్పుపట్టడం కష్టం. ధరే అలా చెప్పింది.

ధరకన్నా చెడ్డది అదనుకు దొరకకపోవడం. నాట్లు ముమ్మరంగా ఉండే ఆగస్టులో సహకార సంఘాల దగ్గర, 2020లో రైతు భరోసా కేంద్రాలుగా మొదలై ఇప్పుడు రైతు సేవా కేంద్రాలైన చోట్ల వరసలు కట్టడం మామూలైంది. రేపు దొరుకుతుందన్న నమ్మకం లేనివాడు దొరికిన రోజే వేస్తాడు. మూడు దఫాలు రెండవుతాయి, ఒక్కోసారి ఒకటవుతుంది. దఫాల గురించి ఎన్ని సదస్సులు పెట్టినా, బస్తా అదనుకు చేరకపోతే ఆ మాట చెల్లదు. ఇఫ్కో 2021లో తెచ్చిన నానో యూరియా అర లీటరు సీసా ఒక బస్తాకు సాటి అన్న ప్రచారం మీద శాస్త్రవేత్తల్లో వివాదం ఉంది. సీసాలోని మొత్తం నత్రజని గ్రాముల్లో ఉంటుంది, బస్తాలో 20 కిలోలు దాటుతుంది. ఆకు మీద చిన్న పిచికారీగా దాన్ని చూడటం సబబు, దమ్ములో వేసే ఎరువుకు బదులుగా కాదు.

పచ్చిరొట్ట దీనికి పాత ప్రత్యామ్నాయం. జీలుగ, జనుము, పిల్లిపెసర వేసి, పూత దశలో కలియదున్నితే నత్రజని సగం దాకా ఆదా అవుతుంది. వేసవి జల్లులకు విత్తాలి, నాటుకు వారం పది రోజుల ముందు దున్నాలి. నాటు తేదీ తెలియని చెరువు ఆయకట్టులో పచ్చిరొట్ట ఒక్కోసారి ముదిరి పీచు పట్టి, కుళ్లడం ఆలస్యమై, తొలి వారాల్లో పైరుకు చెందవలసిన నత్రజనినే సూక్ష్మజీవులు తినేస్తాయి. ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం కింద ఏప్రిల్, మే నెలల్లోనే నవధాన్యాలు పొడి నేలలో విత్తే పద్ధతి ఈ మూడు జిల్లాల్లోనూ వ్యాపించింది.

వరి కోశాక

నవంబరు, డిసెంబరుల్లో వరి కోసిన మడిలో మిగిలిన తేమ ఇక్కడి రబీకి పెట్టుబడి. కోతకు రెండు మూడు రోజుల ముందు నిలిచిన వరిలోనే మినుము, పెసర చల్లే పైర పద్ధతి పాతది. వాటికి నత్రజని దాదాపు అక్కర్లేదు. వేరు బొడిపెలే సంపాదిస్తాయి.

మొక్కజొన్న కథ వేరు. దున్నకుండా, వరి మోళ్ల మధ్య తాడు పట్టి 60 సెంటీమీటర్ల వరసల్లో 20 సెంటీమీటర్లకొక గింజ గుచ్చే పద్ధతి 2000ల తొలి ఏళ్లలో గుంటూరు ప్రాంతంలో బలపడి ఉత్తరాంధ్రకు వచ్చింది. దుక్కి ఖర్చు లేదు, పక్షం రోజుల కాలం కలిసొస్తుంది. రబీ హైబ్రిడ్‌కు ఎకరాకు 80 నుంచి 96 కిలోల నత్రజని సిఫార్సు, అంటే ఖరీఫ్ వరికి రెండున్నర నుంచి మూడు రెట్లు, యూరియాలో సుమారు నాలుగు నుంచి నాలుగున్నర బస్తాలు. దీన్ని విత్తేటప్పుడు, మోకాలెత్తులో, ఆపైన 45–50 రోజులకు, పూత వేళకు నాలుగు భాగాలుగా వేస్తారు. దున్నని నేలలో మోళ్ల మీద చల్లిన యూరియా అమ్మోనియాగా ఎక్కువ పోతుంది. మొక్కకు జానెడు దూరంలో గుంటలో వేసి మట్టి కప్పి, వెంటనే తడి ఇవ్వాలి. పంజాబు రైతు గోధుమకు 21 రోజుల తడితో కలిపి తొలి పైపాటు వేసేదీ ఈ లెక్కతోనే, నీరు ఎరువును వేరు దగ్గరికి దింపుతుంది గనక. 2018లో దేశంలో అడుగుపెట్టిన కత్తెర పురుగు ఈ పంట మొవ్వను తింటోంది. మొలిచిన మొదటి నెలలో మొవ్వలు చూడకుండా రెండో దఫా యూరియా వేసిన చేలో ఆ ఎరువు పురుగు కొరికిన ఆకులకే పోతోంది. కోళ్ల దాణా గిరాకీ మీద ధర నిలిచినంతకాలం మొక్కజొన్న విస్తీర్ణం పెరుగుతుంది, దానితో జనవరిలో కూడా యూరియా వరసలు కనిపిస్తాయి.